రబ్బరు కప్ప లాక్కెళ్ళిన దారి

దయ్యాల కబుర్లు మొదలైతే నాకు ముందు నవ్వొస్తుంది, కాసేపటికి నిద్రొస్తుంది. తిరుపతిలో ఒక ఆసుపత్రి ల్యాబులో పని చేస్తున్నాను. రోజూ మార్చురీ పక్క వరండాలోంచే డ్యూటీకి వెళ్తాను. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడాలనిపించలేదు. మా పనిలో ఏ శాంపిలు పెట్టినా ఒక అంకె వస్తుంది. రాకపోతే మిషను చెడిపోయినట్టు. ఆ రెండూ కానిది ఇంకోటి ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు.

ఇప్పుడు కూడా దయ్యాలున్నాయని చెప్పడానికి ఇది రాయడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను. గాలం వేసే అలవాటున్నవాళ్ళు ఎవరైనా చదివి, ఇది ఇలా జరిగి ఉంటుందని విడమరిచి చెప్తే నిజంగా సంతోషిస్తాను.

మునిరత్నం మామ మా అమ్మకు తమ్ముడు. బస్సు డ్రైవరుగా చేసి రిటైరై పలమనేరులో ఇల్లు కట్టుకున్నాడు. నాకు స్కూటరు నేర్పింది ఆయనే, ఈత నేర్పింది ఆయనే, గాలం పట్టించింది కూడా ఆయనే. ఆడపిల్లకు గాలమేమిటని మా అమ్మ గొణిగితే, "నువ్వు చేపలకూర తినేటప్పుడు అడుగుతావా, పట్టింది ఆడా మగా అని?" అని నోరు మూయించాడు.

మామకు వానపాములు గుచ్చి గంటల తరబడి కూర్చునే గాలం నచ్చదు. ఆయనదంతా లూర్ల యవ్వారం. అంటే ప్రాణం లేని ఎర. నీళ్ళలో గిరగిరా తిరిగే రేకులు, మెరిసే స్పూన్లు, రంగులేసిన చెక్క చేపలు, రబ్బరు కప్పలు. వాటిని అత్త పాత గాజుల పెట్టెలో రంగుల వారీగా సర్దుకుంటాడు. ఆ పెట్టె తెరిచినప్పుడు ఆయన ముఖం చూడాలి, అరవై దాటిన మనిషిలా ఉండదు.

మేము వెళ్ళే చెరువు పలమనేరుకు దగ్గర్లోనే, అడవి అంచున ఉంది. పేరు మాత్రం రాయను. రాస్తే వచ్చే ఆదివారానికి కట్ట నిండా మోటారు సైకిళ్ళే. చేపల కోసం ఆ చెరువును వేలంపాటలో తీసుకున్నవాళ్ళు మామకు తెలిసినవాళ్ళు కావడంతో మమ్మల్ని ఎవరూ ఏమీ అనరు.

దసరా దాటి దీపావళి ఇంకా రాని రోజులు మాకు అసలైన సీజను. అప్పటికి మా వైపు వానలు మొదలవుతాయి. వాగుల్లోంచి కొత్త నీళ్ళు దిగుతాయి. పొద్దున పూట చలి, పదింటికల్లా మంచి ఎండ. ఎండాకాలమంతా అడుగున బురదలో పడున్న కొర్రమీను అప్పుడు ఆకలితో పైకొస్తుంది. కొర్రమీను మామూలు చేపలా కాదు, గాలి పీల్చడానికి మధ్యమధ్యలో నీళ్ళపైకి వచ్చి గుబుక్కుమని మునుగుతుంది. ఆ చప్పుడు వింటే చాలు, నాకు అరచేతులు చెమట పడతాయి.

ఆ ఆదివారం కూడా అంతే. ముందు రోజు రాత్రి తిరుపతి నుంచి బస్సులో వెళ్ళాను. తెల్లారేసరికి మామ స్కూటరు బయటపెట్టి హారన్ కొడుతున్నాడు. అత్త లేవకముందే బయల్దేరాం. టిఫిన్ తిరిగొచ్చాక తినొచ్చు అన్నాడు. ఆయనకు షుగరుంది, పొద్దున మాత్రలు వేసుకుంటాడు. ఏమైనా తిన్నావా అని అడిగితే, "బొరుగులు తిన్నాలే" అన్నాడు. నమ్మాను.

చెరువు దగ్గరికి చేరేసరికి నీళ్ళ మీద పల్చగా మంచు. కట్ట వైపు నీళ్ళు తేటగా ఉన్నాయి. వాగు కలిసే వైపు మాత్రం ఎర్రమట్టి నీళ్ళు. తామరాకుల మధ్య అప్పటికే గుబుక్కు, గుబుక్కు. నేను గాలం రాడ్డు జోడించే లోపలే మామ పెట్టె తెరిచి పేచీ మొదలుపెట్టాడు.

"సూడు కల్పనా, నీళ్ళు ఎట్ల ఎర్రగా ఉండాయో. కప్పేస్తే దానికి యాడ కనిపిస్తాది? పసుప్పచ్చ స్పూనెయ్. తళతళమంటాది, దూరం నించే ఉరుక్కోనొస్తాది."

"ఆకుల మధ్య స్పూనేస్తే ఆకులే పడతాయి మామా. ఈ చలికి అది పరిగెత్తి పట్టదు. దాని నెత్తి మీదికే పోయి కూర్చోవాలి."

"అట్లయితే నువ్వు కప్ప, నేను స్పూను. ముందు ఎవురికి చేప పడితే వాళ్ళు గెలిచినట్టు. ఓడినోళ్ళు చేప తోమల్ల."

సరే అన్నాను. నేను నల్ల రబ్బరు కప్ప కట్టుకున్నాను. లోపల డొల్లగా ఉంటుంది. రెండు గాలపు ముళ్ళు దాని వీపుకు అతుక్కుని, పైకి చూస్తూ ఉంటాయి, అందుకే ఆకుల్లో చిక్కుకోదు. చేప నోట్లో పడి నొక్కుకుపోతేనే ముళ్ళు బయటికొస్తాయి. ఈ సంగతి ఎందుకు చెప్తున్నానో తర్వాత తెలుస్తుంది.

మామ తన రాడ్డు, ఒక స్పూను తీసుకుని అవతలి ఒడ్డుకు బయల్దేరాడు. కట్ట చివర దిగి, ఒడ్డు వెంబడే పోతే వాగు తగులుతుంది. వాగు దాటాక ఒడ్డు ఒక బండల గుట్టను చుట్టుకుని లోపలికి తిరుగుతుంది. ఆ వంపు అవతల ఏముందో కట్ట మీద నుంచి కనబడదు. ఆయన చెయ్యూపి వంపు తిరిగిపోవడం చూశాను. కట్ట మీద చెంగమ్మ అనే ఆమె మేకలు తోలుకొచ్చింది. ఎప్పుడూ ఆ చుట్టుపక్కలే ఉంటుంది, మమ్మల్ని పేరుపేరునా పలకరిస్తుంది.

కప్పను తామరాకుల మీదికి విసిరి, ఆకు మీద నుంచి ఆకు మీదికి గెంతిస్తూ లాక్కొస్తున్నాను. చాలాసేపు ఏమీ లేదు. మంచు విడిపోయింది, ఎండ వచ్చింది. రెండు ఆకుల మధ్య ఖాళీలో కప్పను ఒక్క క్షణం ఆపాను.

నీళ్ళు పేలిపోయాయి.

గాలం వేసేవాళ్ళకు చెప్పనక్కర్లేదు, వేయనివాళ్ళకు ఎంత చెప్పినా తెలియదు. ఆకులు రెండూ తిరగబడ్డాయి. రాడ్డు వంగి కొన నీళ్ళను తాకింది. రీల్లోంచి పసుపుపచ్చ దారం చర్రుమని పోతోంది. "మామా! పడింది! పెద్దది!" అని చెరువంతా వినబడేలా అరిచాను. అవతలి నుంచి జవాబు లేదు. ఓడిపోయాడు కదా, ఉడుక్కుంటున్నాడనుకుని ఇంకా గట్టిగా నవ్వాను.

తర్వాత దారం ఒక్కసారి వదులైంది. అయ్యో, పోయిందనుకున్నాను. రీలు చుట్టబోయాను. మళ్ళీ బిగిసింది. కానీ ఈసారి బరువు వేరేగా ఉంది. తల విదిలించడం లేదు, ఆకుల్లోకి దూరడం లేదు. మెల్లగా, నిదానంగా పట్టుకుని ఉంది.

చేప ఉందో లేక కట్టెకేమైనా తగులుకుందో తెలుసుకోవడానికి రాడ్డును రెండుసార్లు టక్ టక్ మని లాగాను. అవతలి నుంచి టక్ టక్ మని రెండుసార్లు లాగింది.

నాకు ముందు తమాషాగా అనిపించింది. మూడుసార్లు లాగాను. మూడుసార్లు జవాబు వచ్చింది. ఒకసారి పొడుగ్గా లాగి వదిలాను. ఒకటే పొడుగ్గా వచ్చింది. భయం వేయలేదని చెప్తే మీరు నమ్మకపోవచ్చు, కానీ నిజంగా వేయలేదు. గుండె దడదడలాడింది, అది సంతోషంతో. పదిహేనేళ్ళుగా గాలం వేస్తున్నాను, ఇలాంటి చేపను చూడలేదు. ఎలాగైనా దీన్ని ఒడ్డుకు తెచ్చి మామకు చూపించాలి, అంతే నా మనసులో ఉన్నది.

అప్పుడది కదిలింది. కట్ట చివరికి, ఒడ్డు వెంబడి, వాగు వైపు. దారం తెగుతుందేమోనని నేను కూడా దాంతో పాటే నడిచాను. కట్ట దిగాను. కంపచెట్ల పక్కనుంచి, బురదలోంచి, చెప్పులు వదిలేసి నడిచాను. అది ఏ వేగంతో పోతోందంటే సరిగ్గా మనిషి నడిచే వేగం. మధ్యలో ఒక కాలు పిక్క దాకా బురదలో దిగబడింది. పీక్కోవడానికి అవస్థ పడుతుంటే దారం లాగడం మానేసింది. వదులు కాలేదు, ఆగింది. నేను కాలు బయటికి తీసి నిలబడ్డాక మళ్ళీ లాగింది.

వాగు దగ్గర కూడా అంతే. మోకాళ్ళ లోతు నీళ్ళలో రాళ్ళు చూసుకుంటూ దాటుతున్నంతసేపూ నా కోసం నిలబడింది. అది జమ్ము పొదల పక్కనుంచి పోయింది. ఎక్కడైనా దారం జమ్ములో చుట్టుకోవాలి. ఒక్క ఆకు కూడా తగులుకోలేదు. ఇవన్నీ తర్వాత ఆలోచించినవి. అప్పుడు మాత్రం చిన్నపిల్లలా ఎగిరి గంతేస్తూ, "వస్తున్నా, వస్తున్నా" అని దానితో మాట్లాడుతూ పోయాను.

బండల గుట్ట వంపు తిరిగాను. దారం నీళ్ళ మీద లేదు.

నీళ్ళు వదిలేసి, ఒడ్డున రాళ్ళ మీదుగా పైకి పోయి, జమ్ము వెనకాలికి దిగి ఉంది. ఇంకా బిగుతుగానే ఉంది. నేను దారాన్ని చేత్తో పట్టుకుని రాళ్ళెక్కాను. జమ్ము వెనకాల రెండు బండల సందులో మామ పడి ఉన్నాడు.

నుదురు పక్క రాయి తగిలి రక్తం గడ్డకట్టింది. ఒళ్ళంతా చెమట, చల్లగా ఉంది. పిలిస్తే పలకలేదు, కొడితే కదల్లేదు. ల్యాబులో పరీక్ష పెడితే ఏ అంకె వస్తుందో ఆ క్షణంలో ముఖం చూస్తేనే తెలిసిపోయింది. షుగరు పడిపోయింది. మాత్ర వేసుకున్నాడు, ఏమీ తినలేదు. ఊపిరి మాత్రం ఆడుతోంది.

మామతో బయల్దేరితే నా నడుము సంచిలో గ్లూకోజు పొడి ఎప్పుడూ ఉంటుంది. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్ళు పోయకూడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, వేలికి పొడి అద్దుకుని ఆయన చిగుళ్ళకు రుద్దుతూ కూర్చున్నాను. ఒక చేత్తో ఫోన్ తీసి అంబులెన్సుకు చేశాను. సిగ్నలు ఒక గీత ఉంటే ఉంది, లేకపోతే లేదు, చివరికి ఎలాగో కలిసింది. గొంతు చించుకుని అరిచాను. నేను అరవడం మొదలుపెట్టానో లేదో చెంగమ్మ వంపు తిరిగి పరిగెత్తుకుంటూ వచ్చింది.

"ఏమాయ పాపా? రత్నమన్న గదా! ఉండాడా?"

"ఉన్నాడు చెంగమ్మా. రోడ్డు మీదికి పోయి అంబులెన్సు వస్తే ఇటు తోలుకురా."

"ఆమా, పోతాండా. నువ్వు వదలొద్దు ఆయప్పను" అని కొంగు నడుముకు చుట్టుకుని ఉరికింది.

ఎంతసేపు రుద్దానో తెలియదు. మామ కనురెప్పలు అదిరాయి. తర్వాత పెదవులు కదిలాయి. ఆయన నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "యాడుండాం మనం?" నాకు ఏడుపు, నవ్వు కలిసి వచ్చాయి. కొంచెం మింగగలిగాక మిగతా పొడి నీళ్ళలో కలిపి తాగించాను.

అప్పుడు చూశాను ఆయన కుడి చేతిని. పిడికిలి బిగించి ఉంది. నా దారం ఆ పిడికిట్లోకి పోయి ఉంది. వేళ్ళు ఒక్కొక్కటే విప్పాను. లోపల నా నల్ల కప్ప.

డొల్ల కప్ప నొక్కుకుపోయి చదునుగా ఉంది. ముళ్ళు రెండూ బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. అంత గట్టిగా పట్టుకుంటే అవి అరచేతిలో దిగబడి తీరాలి. దిగబడితే ఆసుపత్రిలో కోసి తీయాల్సిందే, నేనే రెండుసార్లు తీయించుకున్నాను. మామ అరచేతిలో గీత కూడా పడలేదు. నేను తిప్పి తిప్పి చూశాను. ఆసుపత్రిలో డాక్టరు కూడా చూశాడు.

వాగు దాటిన తడి ఎప్పుడో ఆరిపోయి, ఆయన లుంగీ, కాళ్ళు పొడిగా ఉన్నాయి. చొక్కా చెమటకు తడిసింది తప్ప చెరువు నీళ్ళు తగల్లేదు. ఆయన రాడ్డు పక్కనే బండకు ఆనించి ఉంది. స్పూను రాడ్డు కొక్కేనికి తగిలించినట్టే ఉంది, ఒక్కసారి కూడా విసరలేదు.

ఇంకొంచెం ఆలస్యమై ఉంటే మెదడు దెబ్బతినేదని డాక్టరు చెప్పాడు. మూడు రోజుల్లో మామ ఇంటికొచ్చాడు. అత్త ఆయన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

మామను ఎన్నిసార్లు అడిగానో. ఆయనకు గుర్తున్నది ఇంతే. వంపు తిరిగేసరికే కళ్ళు బైర్లు కమ్మాయి. కూర్చుందామని బండ పట్టుకున్నాడు. అంతే. "కప్పా? నా సేతిలోనా? నేను యాడ పట్టినానే దాన్ని. నువ్వు అరిసింది కూడా ఇనబళ్ళే నాకు" అన్నాడు.

నాకు నేను సర్దిచెప్పుకోవడానికి ఎన్ని రకాలుగా చూశానో. పెద్ద కొర్రమీను కప్పను పట్టి, వంపు దాకా ఈది, అక్కడ గాలి కోసం ఎగిరి కప్పను ఒడ్డున విదిలించి ఉండొచ్చు. అది మామ పక్కనే పడి ఉండొచ్చు. సగం స్పృహలో ఆయన చేతికి తగిలి పట్టుకుని ఉండొచ్చు. కొర్రమీను వర్షాకాలంలో ఒడ్డెక్కి పాకుతుందని కూడా తెలుసు నాకు. ఈ "ఉండొచ్చు"లన్నీ వరుసగా పెట్టి ఒక కథ అల్లుకున్నాను. అది నా బురదకాలు దగ్గర, ముళ్ళు దిగని అరచేతి దగ్గర తెగిపోయేది. అయినా పట్టుకుని వేలాడాను.

అత్త మాత్రం దేవుడికి మొక్కు చెల్లించి ఊరుకుంది. ఆమెకు ఇందులో తేలాల్సింది ఏమీ లేదు.

కార్తీకంలో మామ కోలుకున్నాక చెంగమ్మకు చీర, మిఠాయి ఇద్దామని ఇద్దరం చెరువుకు పోయాం. ఆమె కట్ట మీద కూర్చుని మామను పైనుంచి కింది దాకా చూసి సంతోషపడింది. కబుర్లలో నేను మాటవరసకు, "ఆ చేప మాత్రం భలే చేప చెంగమ్మా, నన్ను సరిగ్గా మామ దగ్గరికి తీసుకుపోయింది" అన్నాను.

చెంగమ్మ నా వైపు వింతగా చూసింది.

"ఏ చేప పాపా?"

"అదే, నా గాలానికి పడింది కదా. నీళ్ళు పైకి లేచాయి, నువ్వు చూడలేదా?"

"సూసినా. అది చేపే. నల్లగా ఇంత పొడుగుండె. కానీ అది అప్పుడే ఇడిసిపెట్టి పాయె. ఆకుల కింద దూరి లోపలికి పోయింది, కట్టమింద నించి బాగా కనిపిచ్చింది నాకు."

"మరి నన్ను లాక్కుంటూ పోయింది ఏది?"

 చెంగమ్మ మామ వైపు ఒకసారి చూసింది, చెప్పొచ్చో లేదో అన్నట్టు.

"నీ పసుప్పచ్చ దారం ఎండకు మెరస్తా ఉండె పాపా. అది నీళ్ళలోకి దిగనే లేదు. నీళ్ళమింద ఇంతెత్తున, నడుమెత్తున, బిగ్గా పోతా ఉండె. దాని కొసకు నీ కప్ప ఏలాడతా ఉండె. చెయ్యి పట్టుకోని పిల్సుకోని పోయినట్టు. నువ్వేమో నవ్వుకుంటా దాని ఎనకాల పోతా ఉండావు. నేను మేకల్ని ఆడనే ఇడిసిపెట్టి నీ ఎనకాల పరిగెత్తినా. నువ్వు అరిసినావని రాలేదు నేను."

  చెంగమ్మ మిఠాయి పొట్లం విప్పి ముగ్గురికీ పంచింది.

చెంగమ్మకు నాతో అబద్ధం చెప్పాల్సిన పని లేదు. ఎండలో దారం ఎలా కనబడిందో, నీడలు పడ్డాయో, ఆమె కళ్ళు ఎంత మంచివో నాకు తెలియదు. ఆ రోజు నా చేతుల్లోకి వచ్చిన లాగుడు మాత్రం నాకు తెలుసు. అది నన్ను ముందుకు లాగింది, నేను ఆగితే ఆగింది.